నల్లకుంటలో మూడు పుస్తకాల ర్యాకులు: ఏం మార్చాం, ఏం ఉంచాం, ఎక్కడ తప్పు చేశాం

"అరలు వంగిపోయాయి బాబూ. పలకలు మార్చిపెడితే చాలు. ఎంతవుతుందో చెప్పు."

ఫోన్‌లో మేడమ్ అడిగింది ఇంతే. కాలేజీలో తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యారు. హైదరాబాద్ నల్లకుంటలో పాత అపార్ట్‌మెంట్, గ్రౌండ్ ఫ్లోర్. ముందు గదిలో ఒకే గోడకు వరసగా మూడు ర్యాకులు, వాటి నిండా పుస్తకాలు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చినవి కొన్ని, ఏటా చలికాలంలో పుస్తక ప్రదర్శనకు వెళ్లి సంచుల్లో మోసుకొచ్చినవి కొన్ని, అత్తగారి నాటి నిఘంటువులు కొన్ని.

నేను ఫోన్‌లో రేటు చెప్పను. మొదట్లో చెప్పేవాణ్ని. అక్కడికి వెళ్లాక పని రెండింతలు తేలేది, ఇంటివాళ్ల ముఖం మాడేది. ఇప్పుడు టేపు, టార్చి, రసమట్టం తీసుకుని వెళ్లి చూశాకే మాట. ఇంటికి దగ్గరైతే చూడ్డానికి డబ్బులు తీసుకోను.

మా నాన్నది వడ్రంగం. టేకు, మద్ది తప్ప వేరే కర్ర ముట్టేవాడు కాదు. విడి పలకలుగా అట్టపెట్టెలో వచ్చి, ఇంట్లో బిగించుకునే ఈ సామాను చూస్తే ఆయన తరం వాళ్లది ఒకటే మాట: "ఇది కర్ర కాదురా, పొట్టు. బయట పారేయమను." ఈ పొట్టు పలక పేరు పార్టికల్ బోర్డు. పాత కార్పెంటర్లు ఇప్పటికీ ఏ కంపెనీదైనా దాన్ని నోవాపాన్ అనే బ్రాండు పేరుతోనే పిలుస్తారు. 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీ దగ్గర ఐకియా దేశంలోనే తన మొదటి స్టోర్ తెరిచాక, దాన్ని చూసి ఆన్‌లైన్‌లో మిగతావాళ్లూ జోరందుకున్నాక, నా పనిలో సగం ఈ సామానే అయింది. పారేయమని చెప్పడం తేలిక. పొట్టు బోర్డు అయినా అన్ని భాగాలూ ఒకేసారి పాడవవు. ఏది పోయింది, ఏది ఇంకా గట్టిగా ఉంది అని విడదీసి చూడ్డమే ఇందులో అసలు పని.

మేడమ్ ర్యాకులు 2018 చివర్లో ఆన్‌లైన్‌లో కొన్నవి. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. ఒక్కొక్కటి 900 మిల్లీమీటర్ల వెడల్పు, 1800 ఎత్తు, 300 లోతు. పక్క పలకలు, అరలు 16 మి.మీ. ప్రీలామ్, అంటే పైన డిజైన్ కాగితం అతికించి వచ్చే పార్టికల్ బోర్డు. వెనక 3 మి.మీ. హార్డ్‌బోర్డు, అదీ రెండు ముక్కలు, మధ్యలో ప్లాస్టిక్ పట్టీతో కలిపింది. ఒక్కో ర్యాకులో నడుమ కదలకుండా బిగించిన అర ఒకటి, పిన్నుల మీద ఆనే అరలు నాలుగు. 2021లో ఇల్లు మారారట. సామాను తరలించినవాళ్లు ర్యాకులు విప్పి, వ్యానులో వేసి, ఇక్కడ మళ్లీ బిగించి వెళ్లారు.

ఆ చివరి మాట వినగానే నాకు సగం అర్థమైంది. ఈ ర్యాకులు ఒకసారి బిగిస్తే బాగానే నిలబడతాయి. విప్పి రెండోసారి బిగించినప్పుడు, అందులోనూ తొందరలో డ్రిల్లింగ్ మెషీన్‌తో బిగించినప్పుడు, రెండు పలకలను కలిపి బిగించే మినీఫిక్స్ బోల్టు పట్టుకునే రంధ్రంలో పొట్టు నలిగిపోతుంది. బయటికి ఏమీ కనపడదు. లోపల పట్టు ఉండదు.

ముందు అరల సంగతి చూశాను. ముందంచుకు అల్యూమినియం పట్టీ ఆనించి నడుమ ఎంత దిగిందో కొలిచాను. బాగా వంగినది 19 మి.మీ. మా లెక్కలో ఆరు సూతులు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మార్కెట్లో ఇంకా అదే నడుస్తోంది. పిన్నుల మీది పన్నెండు అరల్లో ఎనిమిది అరలు పది మి.మీ. పైనే వంగి ఉన్నాయి. మిగతా నాలుగింట్లో పలుచటి కవితా సంపుటాలు, ఫొటో ఆల్బమ్‌లు, గాజు బొమ్మలు. అవి ఐదారు మి.మీ. దగ్గర ఆగాయి.

మేడమ్ ఇంట్లో ఒంటి బరువు చూసుకునే మెషీన్ ఉంది. పుస్తకాలు దించేటప్పుడు అర అరకూ తూచి రాశాం. మామూలు నవలలున్న అర 27 కిలోలు. నిఘంటువులు, బౌండు చేయించిన పాత పత్రికలు ఉన్న అర 34. "పుస్తకాలు ఇంత బరువా!" అని ఆమే ఆశ్చర్యపోయారు. కాగితం అంటే చెట్టే కదా అన్నాను. నవ్వారు.

పలక వంగడానికి ఒక లెక్క ఉంది, ఇది తెలిస్తే కొనేటప్పుడే సగం జాగ్రత్త పడొచ్చు. మీటరుకు ఇంత బరువు అని సమానంగా పరిచి, పలక పొడవు రెట్టింపు చేస్తే వంగడం రెట్టింపు కాదు, పదహారింతలవుతుంది. మందం రెట్టింపు చేస్తే వంగడం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే రెండడుగుల ర్యాకులో నిక్షేపంగా ఉన్న అదే 16 మి.మీ. పలక మూడడుగుల ర్యాకులో ఊయలలా వేలాడుతుంది. పైగా పార్టికల్ బోర్డుకు ఇంకో గుణం ఉంది. బరువు పెట్టిన రోజు పది మి.మీ. వంగితే అక్కడ ఆగదు. అదే బరువు కింద నెలల తరబడి, సంవత్సరాల తరబడి నెమ్మదిగా జారుతూనే ఉంటుంది. బరువు తీసేసినా మొత్తం వెనక్కి రాదు. మేడమ్ అరలు ఖాళీ చేశాక కూడా 11 మి.మీ. వంపు అలాగే ఉండిపోయింది.

ఇక్కడితో ఆగి ఎనిమిది పలకలు కోయించి ఇచ్చేసి ఉంటే ఒక పూట పని. ఆమె అడిగింది అదే. కానీ నడుమ ర్యాకు ముందు నిలబడి చూస్తే ఏదో తేడాగా ఉంది. పక్కనున్న తలుపు చట్రంతో పోలిస్తే ర్యాకు ఎడమకు ఒరిగినట్టుంది. మూల నుంచి మూలకు టేపు పట్టాను. ఒకటి 2024, రెండోది 2001. రెండూ సమానంగా, సుమారు 2012 ఉండాలి. 23 మి.మీ. తేడా అంటే పైభాగం కింది భాగం కంటే అంగుళం పక్కకు జరిగినట్టు. గోడకు ఆనుకుని, పక్క ర్యాకుల మీద భుజం వేసి నిలబడింది కాబట్టి పడలేదు.

వెనక చేయి పెట్టి చూస్తే హార్డ్‌బోర్డు సగం ఊడి ఉంది. మొలలు బోర్డులోంచి బయటికొచ్చేశాయి. ఇంటివాళ్లు, కొంతమంది కార్పెంటర్లు కూడా, ఆ వెనక రేకును దుమ్ము రాకుండా పెట్టిన అట్ట అనుకుంటారు. నిజానికి ర్యాకును నిటారుగా నిలబెట్టేది అదే. నాలుగు పలకలను నాలుగు మూలల్లో కలిపితే అది మంచం పట్టెల్లా అటూ ఇటూ ఊగుతుంది. వెనక పలుచటి రేకును చుట్టూ కొడితే ఊగడం ఆగిపోతుంది. మూడు మి.మీ. రేకు చేసే పని ముప్పై స్క్రూలు చేయలేవు. సామాను తరలించినవాళ్లు బిగించినప్పుడు మూలమట్టం చూడకుండా, పాత రంధ్రాల్లోనే పాత మొలలు నొక్కి వెళ్లారని నా అనుమానం.

ర్యాకు ఒరిగితే ప్రమాదం ఇంకోచోట బయటపడుతుంది. పక్క పలకలు నడుమ దగ్గర బయటికి ఉబ్బుతాయి. లోపలి వెడల్పు పైన 868 ఉంటే నడుమ 873 ఉంది. పిన్ను పలక కిందికి ఎనిమిది మి.మీ. వస్తుంది, అంతే. అందులో ఐదు పోతే మిగిలింది మూడు. వంగిన అర పొట్టిదవుతుంది కూడా. 34 కిలోల నిఘంటువులు ఆ మూడు మి.మీ. అంచు మీద కూర్చున్నాయి. సెలవులకొచ్చిన మనవడు ఆ ర్యాకు కిందే పడుకుని బొమ్మలు గీస్తాడని మేడమ్ మాటల్లో అన్నారు. ఆ రోజే పుస్తకాలన్నీ దింపించాను. పని మొదలు పెట్టేది సోమవారం అయినా సరే.

కిందికి వంగి టార్చి వేశాను. పక్క పలకల అడుగుభాగం అట్టలా ఉబ్బి ఉంది. 16 మి.మీ. బోర్డు నేల దగ్గర 21 ఉంది. నేల నుంచి 35 మి.మీ. ఎత్తు దాకా ఉబ్బు. చెదలేమో అని మేడమ్ భయం. గోరుతో గీరి చూశాను. చెదలైతే మట్టి గూడు ఉంటుంది, లోపల డొల్లగా గీతలు గీతలుగా తినేసి ఉంటుంది. ఇది అలా లేదు. పొట్టు పొట్టుగా రాలింది. ఇది నీళ్ల పని.

పనమ్మాయి అక్కడే ఉంది. "నేనేం జేసిన సార్? రోజు తడిబట్టతోని తుడువుమన్నరు, తుడిచిన," అంది. ఆమె తప్పు లేదు. రోజూ తుడవని ఇల్లు ఉంటుందా? పక్క పలక నేరుగా నేలమీద ఆనుతుంది. కనపడే అంచులన్నిటికీ ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచు మూసే పట్టీ వేసి, కనపడని ఆ అడుగు అంచును పచ్చిగా వదిలేశారు. పార్టికల్ బోర్డు అంటే కర్ర పొట్టును జిగురుతో కలిపి వేడిమీద గట్టిగా నొక్కినది. నీళ్లు తగిలితే నొక్కుకుపోయిన పొట్టు మళ్లీ లేస్తుంది, మామూలు జిగురైతే పట్టు వదులుతుంది. ఆరాక అది కిందికి దిగదు. ఎండలో పెట్టినా, ఇస్త్రీ పెట్టె పెట్టినా దిగదు. ఇస్త్రీ పెట్టె చిట్కా వీడియోల్లో చూసి ప్రయత్నించినవాళ్ల ఇళ్లకు నేను వెళ్లాను, పై కాగితం బుడగలొచ్చి ఉంటుంది.

అడుగు అరలో ఏం పెట్టాలి అన్నది కూడా ఆ రోజే చెప్పాను. ఈ ఊళ్లో ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2000 ఆగస్టు వరదకు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉర్దూ పరిశోధన గ్రంథాలయం పుస్తకాలు ఎన్నో తడిసి పాడయ్యాయి. మేడమ్‌కు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. గ్రౌండ్ ఫ్లోర్లో అరుదైన పుస్తకాలు నడుం ఎత్తుకు పైన ఉండాలి, అడుగున పాత వారపత్రికలు పెట్టుకోవాలి.

కంపెనీ కస్టమర్ కేర్‌కు మేడమ్ అప్పటికే ఫోన్ చేశారు. ఆ మోడల్ ఆపేశామన్నారు, విడి అరలు లేవన్నారు. ఇక్కడే ఎక్కువకాలం నడిచే మోడల్ కొనడంలో లాభం తెలుస్తుంది. ఐకియా బిల్లీ ర్యాకు 1979లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. అలాంటిదానికి అదనపు అర తర్వాత కూడా దొరుకుతుంది. ఏడాదికోసారి మోడల్ మార్చే ఆన్‌లైన్ సరుకుకు మనమే దర్జీలం. మనకు అనుకూలించే సంగతి ఒకటుంది. చాలా కంపెనీలు పిన్ను రంధ్రాలు 5 మి.మీ. సైజులో, 32 మి.మీ. దూరంలో వేస్తాయి. యంత్రాల కోసం యూరప్‌లో పెట్టుకున్న కొలత అది. కాబట్టి పిన్నులు, మినీఫిక్స్‌లు, బోల్టులు రాణిగంజ్‌లో ఏ ఫిటింగుల షాపులో అడిగినా దొరుకుతాయి. దొరకనిది పలకే, దాన్ని మనం కోసుకోవచ్చు.

ఇక ఏం చేయాలి. మొత్తం కొత్తవి కొంటే మూడింటికీ ముప్పై వేలు దాటుతుంది, వచ్చేవీ ఇవే 16 మి.మీ. పలకలు. పై పలకలు, నడుమ బిగించిన అరలు, పక్క పలకల పైభాగం గట్టిగా ఉన్నాయి. వాటిని ఉంచుదామన్నాను. ఎనిమిది అరలు కొత్తవి, నాలుగు అరలు తిరగేసి వాడటం, మూడింటి కింద కొత్త పీఠం, నడుమ ర్యాకుకు కొత్త వెనక రేకు. మేడమ్ ఒక్క ప్రశ్న వేశారు: "ఇంకో ఐదేళ్లు వస్తాయా?" తడి తగలకుంటే వస్తాయన్నాను.

అరలకు పార్టికల్ బోర్డు మళ్లీ వద్దనుకున్నాం. 18 మి.మీ. ప్లైవుడ్. అరలకు మామూలు 303 గ్రేడ్ సరిపోతుంది, కానీ పీఠానికి నీళ్లకు తట్టుకునే 710 గ్రేడ్ కావాలి. రెండు రకాల షీట్లు కొంటే వృథా. కాగితం మీద గీసి చూస్తే ఎనిమిదడుగుల షీటులో పొడవు వైపు రెండు, అడ్డంగా నాలుగు, అంటే సరిగ్గా ఎనిమిది అరలు వస్తున్నాయి. మిగిలిన ముక్కలోంచి 75 మి.మీ. పట్టీలు కోస్తే మూడు పీఠాలకూ సరిపోతాయి. ఒకే 710 షీటు తీసుకున్నాం. నాలుగు అరలు మార్చకుండా తిరగేసి వాడాలన్న నిర్ణయానికి ఈ లెక్క కూడా ఒక కారణం, ఒప్పుకుంటాను. దాని ఫలితం తర్వాత చెబుతాను.

కోయించేటప్పుడు ఒక గొడవ. షాపులో కటింగ్ చేసే అబ్బాయి వేగంగా అవుతుందని షీటును అడ్డంగా తిప్పి పెట్టాడు. ప్లైవుడ్ పై పొరలో గీత ఏ వైపు పోతుందో ఆ వైపే బలం ఎక్కువ. అర పొడవు వెంట గీత పోవాలి. అడ్డంగా కోస్తే చూడ్డానికి అదే పలక, కానీ వంగడం చాలా ఎక్కువ. మిషన్ ఆపించి తిప్పించాను. నసిగాడు, అయినా కోశాడు. మీరు పలకలు కోయించుకోవడానికి వెళ్తే దగ్గరుండి చూడండి.

అర పొడవు 865 పెట్టాం. ఇరుకైన చోట 868 కాబట్టి, చెరో వైపు ఒకటిన్నర మి.మీ. వదులు. లోతు 268, దాని ముందంచుకు 12 మి.మీ. మందం, 38 మి.మీ. ఎత్తున్న టేకు పట్టీ. పట్టీ పైఅంచు పలకతో సమానంగా ఉండి, మిగతాది కిందికి దిగుతుంది. అందానికని అందరూ అనుకుంటారు. నిలువుగా పెట్టిన ఆ పట్టీ దూలంలా పనిచేసి నడుమ దిగకుండా ఆపుతుంది. ఫెవికాల్ పూసి, క్లాంపులు వేసి ఒక రాత్రి వదిలేశాం. మేకులు కొట్టలేదు, జిగురే సరిపోతుంది.

ర్యాకులను పడుకోబెట్టి పక్క పలకల అడుగు నుంచి 60 మి.మీ. కోసేశాం. పూర్తిగా అడుగు పలక దాకా కోయొచ్చు కదా అని మా హెల్పర్ అడిగాడు. అడుగు పలకను పట్టుకునే మినీఫిక్స్ బోల్టు రంధ్రం అక్కడే ఉంది. దాని కింద కనీసం అంగుళం బోర్డు లేకపోతే అంచు చిట్లుతుంది. 60 కోశాక బోల్టు కింద 28 మి.మీ. మిగిలింది. కోసిన పచ్చి అంచుకు రెండు పూతలు పీయూ (పాలియురేథేన్) వార్నిష్, మొదటి పూత బోర్డు మొత్తం తాగేసింది. కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఆ దుమ్ము కర్ర దుమ్ములా ఉండదు, అందులో ఎండిన జిగురు ఉంటుంది, కళ్లు మండుతాయి.

పీఠం నాలుగు పట్టీల చట్రం. దాని అడుగు అంచులకు కూడా వార్నిష్, నాలుగు మూలల్లో ఐదు మి.మీ. రబ్బరు బుష్‌లు. ఇప్పుడు తడిబట్ట తగిలేది ప్లైవుడ్‌కు, అదీ ముందువైపే. నీళ్లు నిలిస్తే బుష్ కింద నుంచి ఆరిపోతాయి. ర్యాకు మొత్తం 20 మి.మీ. ఎత్తు పెరిగింది, ఎవరికీ తెలియలేదు.

తప్పు జరిగింది మినీఫిక్స్ రంధ్రాల దగ్గర. నడుమ ర్యాకులో ఆరు రంధ్రాలు పాడయ్యాయి. అగ్గిపుల్లలు కుక్కి ఫెవికాల్ పోసే పద్ధతి చాలామంది చేస్తారు. మొలకు పనికొస్తుంది, బోల్టుకు పనికిరాదు. నా పద్ధతి: పాడైన రంధ్రాన్ని 10 మి.మీ. బిట్టుతో శుభ్రంగా పెద్దది చేసి, టేకు ముక్క నుంచి తీసిన బిళ్లను అరాల్డైట్‌తో అతికించి, ఒక రోజు ఆరాక మళ్లీ 5 మి.మీ. రంధ్రం వేయడం. బిళ్ల కోసం డోవెల్ (గుండ్రటి కర్ర కడ్డీ) ముక్క కోసి పెట్టకూడదు. డోవెల్‌లో కర్ర నార బోల్టు వెంటే పోతుంది, మరలు పట్టవు. పలక ముఖం మీద నుంచి ప్లగ్ కటర్‌తో తీసిన బిళ్లలో నార అడ్డంగా ఉంటుంది, మర దాన్ని కరిచి పట్టుకుంటుంది.

ఇదంతా తెలిసినవాణ్నే, ఐదు రంధ్రాలు బాగా చేశాను. ఆరోదానికి బిట్టు మీద టేపు చుట్టిన గుర్తు జరిగిపోయింది. 16 మి.మీ. బోర్డులో 12 దాకా వెళ్లాల్సింది 14 వెళ్లింది. రెండు మి.మీ. మిగలాలి కదా అంటారేమో. బిట్టు నడుమ ముల్లు ఉంటుంది, అది ముందుకు రెండు మూడు మి.మీ. పొడుచుకొని ఉంటుంది. నేను లోతు కొలిచింది బిట్టు అంచు నుంచి, ముల్లు నుంచి కాదు. టక్ మని చప్పుడు. బయటివైపు ప్రీలామ్ మీద కందిగింజంత చిల్లు, చుట్టూ పెంకు లేచింది. కిటికీ వైపు కనపడే పలక అది.

హెల్పర్ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది. మేడమ్‌ను పిలిచి చూపించాను. మైనపు కడ్డీ రంగు కలిపి నింపితే దూరం నుంచి తెలియదు, దగ్గరికి వస్తే తెలుస్తుంది అని ఉన్నదున్నట్టు చెప్పి, కూలిలోంచి ఐదు వందలు తగ్గిస్తానన్నాను. "అక్కడ క్యాలెండర్ తగిలిస్తాలే," అన్నారు. క్యాలెండర్ తగిలించలేదు, నేనూ డబ్బు తగ్గించలేదు. అది సబబు కాదని ఇప్పుడనిపిస్తోంది. ఆ రోజు నుంచి లోతు గుర్తుకు టేపు వాడటం మానేసి, బిట్టుకు స్క్రూతో బిగించే ఇనుప ఉంగరం వాడుతున్నాను. నూటయాభై రూపాయల వస్తువు.

వెనక రేకు బిగించేటప్పుడు క్రమం ముఖ్యం. ముందు ర్యాకును బోర్లా పడుకోబెట్టి, మూల నుంచి మూలకు రెండు కొలతలూ ఒకటయ్యేదాకా తట్టి సర్దాలి. 2012, 2013 వచ్చాయి. అప్పుడు నడుమ ర్యాకుకు 6 మి.మీ. ప్లై ఒకే ముక్కగా, చుట్టూ నాలుగేసి అంగుళాలకు ఒక స్క్రూ. పాత హార్డ్‌బోర్డు గోడ చెమ్మకు బూజు పట్టింది, అందుకే అది మార్చాం. మిగతా రెండింటి రేకులు బాగున్నాయి. వాటినే జిగురు రాసి, వాషర్లు వేసిన చిన్న స్క్రూలతో బిగించాం. మూడింటికీ 6 మి.మీ. వేయొచ్చు, కానీ ఒక్కో షీటులో ఒక్క రేకే వస్తుంది, ఖర్చు అనవసరం. నడుమ బిగించిన అర బోల్టులు కొత్తవి వేయగానే పక్కల ఉబ్బు ఒక మి.మీ.కి తగ్గింది. పిన్ను రంధ్రాలు కొన్ని కోలగా అరిగాయి. వాటిని బాగుచేయలేదు, అరను ఒక రంధ్రం పైకి జరిపాం. 32 మి.మీ. తేడాకు ఏ పుస్తకమూ అలగలేదు.

చివరికి గోడకు పట్టు. ర్యాకును గోడకు ఆనించకుండా అంగుళం గాలి సందు వదిలి, పైన ఎల్ యాంగిల్‌తో కట్టాం. ఇది పాత ఇల్లు, ఇటుక గోడ. స్క్రూ పట్టుకోవడానికి గోడలో దించే 8 మి.మీ. ప్లగ్గు ఇటుకలో పడాలి, రెండిటుకల నడుమ సున్నంలో పడితే ఊడివస్తుంది. డ్రిల్లు నుంచి ఎర్ర పొడి వస్తే ఇటుక, బూడిద రంగు వస్తే పక్కకు జరగాలి. గచ్చిబౌలి వైపు కొత్త టవర్లలో తేలిక ఇటుకల గోడలు ఎక్కువ. అక్కడ మామూలు ప్లగ్గు నిలవదు, వాటికి వేరే పొడుగు ప్లగ్గులుంటాయి. పిల్లలున్న ఇంట్లో ఈ పని వద్దంటే నేను ర్యాకు బిగించను. ఇందులో బేరం లేదు.

ఖర్చు అడుగుతారని తెలుసు. 18 మి.మీ. షీటు 3,840, 6 మి.మీ. షీటు 1,760, టేకు పట్టీలు 900, మినీఫిక్స్‌లు పిన్నులు యాంగిళ్లు కలిపి 1,150, జిగురు వార్నిష్ 950, ఆటో ట్రాలీ 600. ఇద్దరికి మూడు రోజుల కూలి 5,400. మొత్తం 14,600. కొత్తవాటి ధరలో సగానికి కాస్త తక్కువ. ఇదే పని ఒక్క ర్యాకుకు చేయమంటే ఇలా గిట్టదు. ఒక్క ర్యాకైతే, అడుగు ఉబ్బి ఉంటే, నేను కూడా కొత్తది కొనుక్కోమనే చెబుతాను. షీటు కొనాలి, ఆటో పెట్టాలి, మూడు రోజులు పోవాలి, వచ్చేది ఒక్క ర్యాకు. అలాంటప్పుడు పాతదాంట్లోంచి మంచి పలకలు, ఫిటింగులు తీసి ఉంచుకోమంటాను.

పని ఏప్రిల్‌లో అయింది. వానలు వెళ్లాక అక్టోబరులో మళ్లీ వెళ్లి కొలిచాను, ఎవరూ పిలవకపోయినా. కొత్త అరల్లో నిఘంటువులదే ఎక్కువ, 3 మి.మీ. వంగింది. మూలల తేడా 2 మి.మీ. పీఠాల అడుగు పొడిగా ఉంది. పనమ్మాయి ఇప్పుడు ర్యాకుల ముందు పొడిబట్టతోనే తుడుస్తోంది, ఎవరూ చెప్పకుండానే.

తిరగేసిన నాలుగు అరల దగ్గర మాత్రం నా లెక్క తప్పింది. పైకి ఉబ్బిన వంపు నాలుగు నెలల్లో చదునైంది, అంతవరకు బాగానే ఉంది. తర్వాత అటువైపు దిగడం మొదలైంది. ఒకటి అప్పటికే 8 మి.మీ. ఆల్బమ్‌లకు మాత్రమే అని నేను చెప్పిన అర అది. ఆల్బమ్‌లు లేవు. ఆగస్టులో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిన విజ్ఞాన సర్వస్వం సంపుటాలు ఉన్నాయి, వరసగా, ఒక్కొక్కటి ఇటుక బరువు.

"ఖాళీ ఉంది కదా అని పెట్టాను బాబూ," అన్నారు మేడమ్. పుస్తకాలున్న ఇంట్లో ఖాళీ అర ఖాళీగా ఉంటుందనుకోవడం నా తెలివితక్కువ. సంపుటాలు అడుగు అరలోకి దించి, నాలుగు అరల కొలతలు రాసుకుని వచ్చాను. వేరే పనిలో మిగిలిన 18 మి.మీ. ప్లై సగం షీటు మా షెడ్డులో ఉంది. ఈసారి కూలి మాత్రమే తీసుకుంటాను, అందులోంచి ఆ ఐదు వందలు తగ్గించి.